ఉత్ప్రేరకాలతో పనిచేయాలంటే ఎమ్మెస్సీనా, కెమికల్ ఇంజినీరింగా?

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. కార్బన్ డయాక్సైడ్, మీథేన్‌లను ఇంధనంగా మార్చే ఉత్ప్రేరకాలపై పనిచేయాలని ఉంది. ఎమ్మెస్సీ చేయాలా, ఇంజినీరింగ్ వైపు మారాలా? ఇప్పటి నుంచే ఏం నేర్చుకోవాలి?

జవాబు: రెండు దారులూ ఇక్కడికే వస్తాయి. పదార్థం తయారుచేసి దాని ఉపరితలాన్ని పరిశీలించడం నచ్చితే ఎమ్మెస్సీ. రియాక్టర్, వేడి, పీడనం లెక్కలు నచ్చితే ఇంజినీరింగ్. అంతకన్నా ముందు, రోజువారీ పని ఎలా ఉంటుందో తెలుసుకోండి.

డ్రై రిఫార్మింగ్‌నే తీసుకోండి. ఇందులో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ కలిసి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ అవుతాయి. ఆ మిశ్రమం నుంచి మిథనాల్, డీజిల్ చేయొచ్చు. మోల్‌కు 247 కిలోజౌళ్ల వేడిని మింగే చర్య ఇది, అందుకే 700 డిగ్రీలు దాటాలి. ఉత్ప్రేరకంగా నికెల్ చవక, చురుకైనది కూడా. చిక్కల్లా దాని మీద పేరుకునే కార్బన్ మసితోనే. ఆ వేడికి నికెల్ రేణువులు అతుక్కుని పెద్దవవుతాయి, పెద్ద రేణువుల మీద మసి ఇంకా ఎక్కువ పడుతుంది. చివరికి గొట్టం పూడుకుపోతుంది.

తయారీ వంట లాంటిదే. 5 శాతం నికెల్ ఉన్న ఉత్ప్రేరకం 5 గ్రాములు కావాలంటే నికెల్‌ను మోసే అల్యూమినా పొడి 4.75 గ్రాములకు నికెల్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ సుమారు 1.24 గ్రాములు. నీళ్లలో కరిగించి కలిపి, 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, 500 దగ్గర 4 గంటలు గాలిలో కాల్చి, హైడ్రోజన్‌లో లోహంగా మార్చాలి. 800 దాకా కాలిస్తే నికెల్ అల్యూమినేట్ ఏర్పడి, లోహంగా మారకుండా మొండికేస్తుంది. నికెల్ లవణాలు క్యాన్సర్ కారకాలు. గ్లోవ్స్, ఫ్యూమ్ హుడ్ లేకుండా ముట్టుకోవద్దు.

కొత్తవాళ్లు బోల్తాపడేది లెక్కలో. చర్యలో 2 మోల్‌లు 4 అవుతాయి. 1 మోల్ మీథేన్, 1 మోల్ కార్బన్ డయాక్సైడ్ పంపితే సగం మారాక మొత్తం 3 మోల్‌లు. మిశ్రమంలో ఏ వాయువు ఎంతుందో కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో మీథేన్ 50 నుంచి 16.7 శాతానికి పడిపోతుంది. దాన్ని నేరుగా లెక్కేస్తే 67 శాతం మారినట్టు కనిపిస్తుంది, నిజానికి 50 మాత్రమే. చర్యలో పాల్గొనని నైట్రోజన్‌ను కొలబద్దగా కలిపితే ఈ తప్పు తప్పుతుంది. ఇంకో మాయ: ఉత్ప్రేరకం అవసరానికి మించి నింపితే చర్య సమతాస్థితికి చేరిపోయి, లోపల చచ్చుబడుతున్నా బయటికి తెలియదు.

కాబట్టి ఇప్పుడే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ క్యాలిబ్రేషన్, కార్బన్ బ్యాలెన్స్ (లోపలికి వెళ్లిన కార్బన్, బయటికొచ్చిన కార్బన్ లెక్క సరిచూడటం), వేడిచేస్తూ బరువు మార్పును బట్టి మసిని తూచే టీజీఏ నేర్చుకోండి. ఉద్యోగానికి ఈ ఒక్క చర్యనే నమ్ముకోవద్దు. హైడ్రోజన్, అమ్మోనియా, రిఫైనరీ ప్లాంట్లకూ ఇదే నైపుణ్యం కావాలి. ప్రాజెక్టుకు ల్యాబ్ ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలడగండి: ఇక్కడ ఉత్ప్రేరకాన్ని ఆపకుండా ఎన్ని గంటలు నడుపుతారు? కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా?