విధాన సౌధకు దక్కే పావుగంట వెలుగు

ప్రశ్న: ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటున్నాను. దీపాలంకరణలో ఉన్న విధాన సౌధను ఫొటో తీయాలని రెండు ఆదివారాలు రాత్రి ఎనిమిది గంటలకు వెళ్లాను. కంటికి అంత అందంగా కనిపించిన భవనం ఫొటోలో మాత్రం నల్లటి ఆకాశం మీద పసుపు ముద్దలా వచ్చింది. గుమ్మటం తెల్లగా మాడిపోయింది, స్తంభాలు వెనక్కి వాలినట్టున్నాయి. కెమెరాను ఆటోలోనే ఉంచాను. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీరు వెళ్లిన వేళలోనే అసలు చిక్కు ఉంది. ఎనిమిదింటికి ఆకాశంలో వెలుగు మిగలదు. ఫ్రేములో ఎక్కువ భాగం నల్లగా ఉన్నప్పుడు, వెలుగును కొలిచే కెమెరా మీటరు ఆ నలుపును బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. దానికోసం అవసరానికి మించిన వెలుగును లోపలికి రానిస్తుంది కనుక, దీపాల కాంతి నేరుగా పడుతున్న రాతిలో చెక్కడపు వివరాలేవీ మిగలవు.

పొద్దు గుంకిన పది నిమిషాలకు మొదలై, ఆకాశపు వెలుగూ దీపాల వెలుగూ దాదాపు సమానమయ్యే కొద్దిసేపు ఉంటుంది. దాన్ని ఫొటోగ్రాఫర్లు బ్లూ అవర్ అంటారు గానీ, సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోయే మన దక్షిణాదిలో అది పావుగంట దక్కితే గొప్ప. బెంగళూరులో నవంబరు చివర సుమారు 5.50కే సూర్యాస్తమయం అవుతుంది, జూలై మొదట్లో అయితే 6.50 దాకా ఆగాలి. ఆ రోజు దీపాలు వెలుగుతాయో లేదో ముందే విచారించుకుని, అస్తమయానికి అరగంట ముందే అక్కడ ఉండండి. మొదటిసారి వెళ్లినప్పుడు నేను లెన్సు మార్చుకుంటూ ఆ పావుగంటలో సగం పోగొట్టుకున్నాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

పెద్ద మెట్లున్న ముఖద్వారం తూర్పు వైపు ఉండటం మీకు కలిసివచ్చే విషయం. ఎదుట నిలబడితే పడమటి ఆకాశం భవనం వెనకే ఉంటుంది కనుక, నీలిరంగు మీద గుమ్మటమూ దానిపైన నాలుగు సింహాలూ స్పష్టంగా తేలతాయి. 1951లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ భవనాన్ని అప్పటి ముఖ్యమంత్రి కెంగల్ హనుమంతయ్య ద్రావిడ శైలిలో తీర్చిదిద్దించారు, 1956లో పూర్తయింది. గ్రానైటు మీది ఆ పనితనమంతా మెత్తని వెలుగులోనే కనిపిస్తుంది. నడి మధ్యాహ్నం తీసిన ఫొటోలో ముందువరుసలోని పన్నెండు స్తంభాలు బల్లపరుపుగా కనిపిస్తాయి, సందె వేళ కింది నుంచి దీపం పడితే ఒక్కొక్క స్తంభం గుండ్రదనం తెలుస్తుంది.

కెమెరాను ఆటో నుంచి మాన్యువల్‌కు మార్చి, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్8 పెట్టి, షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని రెండు నుంచి ఎనిమిది సెకన్ల మధ్య మారుస్తూ తీయండి. ముఖద్వారం పైన "సర్కారద కెలస దేవర కెలస" (ప్రభుత్వ పని దేవుడి పని) అని కన్నడలో చెక్కి ఉంటుంది. ఫోకస్ ఆ అక్షరాల మీద చేసి, తీసిన ఫొటోను తెరమీద పెద్దది చేసి చూడండి. అక్షరాల అంచులు విడివిడిగా కనిపిస్తే వెలుగు సరిపోయినట్టే, కలిసిపోతే షట్టర్ సమయం తగ్గించాలి. రా (RAW) ఫైలుగా, అంటే కెమెరా దిద్దకుండా దాచే అసలు ఫైలుగా తీస్తే రంగులను తర్వాత దిద్దుకోవచ్చు.

కెమెరాను పైకి ఎత్తి తీసినందువల్లే స్తంభాలు వాలాయి. రోడ్డుకు ఇవతల, హైకోర్టు వైపు వీలైనంత వెనక్కి వచ్చి, కెమెరాను నేలకు సమంగా ఉంచి, అడుగున ఎక్కువగా వచ్చిన రోడ్డును తర్వాత కత్తిరించండి. అయితే వాన వెలిసిన సాయంత్రం మాత్రం దాన్ని కత్తిరించవద్దు. తడి రోడ్డు మీద పడే దీపాల నీడ, బస్సు వెళ్లినప్పుడు సాగే ఎర్రటి గీత, ఫొటోకు ప్రాణం పోస్తాయి.

ట్రైపాడ్ విషయంలో అక్కడ విధుల్లో ఉన్న పోలీసులను అడిగి, వారు చెప్పినట్టే నడుచుకోండి. శాసనసభ కొలువైన చోటు కనుక వారి జాగ్రత్త న్యాయమైనదే. వద్దంటే ఏదైనా పిట్టగోడ మీద చేతిరుమాలు మడిచి, దానిపై కెమెరా ఆనించి, రెండు సెకన్ల టైమరుతో తీయండి. డ్రోన్ ఆలోచన అసలు పెట్టుకోవద్దు.

ప్రశ్న: నా దగ్గర ఫోన్ మాత్రమే ఉంది. సెలవుకు బెంగళూరు వెళ్తున్నాను. ఈ భవనాన్ని బాగా తీయగలనా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: తప్పకుండా తీయగలరమ్మా. వేళ విషయంలో పైన చెప్పినదే మీకూ వర్తిస్తుంది. ఫ్లాష్ ఆపేయండి, అది రోడ్డు దాటి భవనాన్ని చేరలేదు. తెరమీద గుమ్మటాన్ని వేలితో తాకితే పక్కనే చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది. దాన్ని మెల్లగా కిందికి జరిపి, గుమ్మటం మీద గీతలు కనిపించేదాకా వెలుగు తగ్గించండి. వేళ్లతో జూమ్ చేయవద్దు. నైట్ మోడ్ వాడేటప్పుడు మోచేతులు పక్కటెముకలకు ఆనించి, తెరమీద లెక్క పూర్తయ్యేవరకు కదలకుండా ఉండండి.