పెళ్లి కాని ఇద్దరం ఫ్లాట్ కొంటున్నాం: నా 30 లక్షలకు భద్రత ఏది?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మూడేళ్లుగా కలిసి ఉంటున్నాం, పెళ్లి చేసుకోలేదు. మధురవాడలో 80 లక్షల ఫ్లాట్ చూశాం. 30 లక్షలు నావి, మిగతా 50 లక్షలు ఆయన పేరున లోను. ఈఎంఐ ఆయన కడతారు, ఇంటి ఖర్చులు నావి. ఆయన ఒక్కరి పేరునే రిజిస్ట్రేషన్ చేయించి, నా పేరు తర్వాత చేర్చుకోవచ్చని ఏజెంటు అంటున్నారు. నా డబ్బు భద్రమేనా?

జవాబు: కాదమ్మా. ఆ సలహా వినకండి. డబ్బు మీది, పేరు ఆయనది అయితే దాన్ని బినామీ అంటారు. భార్య పేరునో భర్త పేరునో కొంటే చట్టం మినహాయింపు ఇస్తుంది, సహజీవనానికి ఇవ్వదు. 1988 బినామీ చట్టం 4వ సెక్షన్ ప్రకారం ‘అసలు యజమానిని నేనే’ అంటూ దావా వేసే దారి మీకు మూసుకుపోతుంది. పెళ్లి లాంటి బంధమని రుజువైతే 2005 గృహహింస చట్టం కింద ఆ ఇంట్లో ఉండే హక్కు దొరకవచ్చు, కానీ వాటా దొరకదు. ఇక ‘తర్వాత చేర్చడం’ అంటే మరో దస్తావేజు, మళ్లీ స్టాంపు ఖర్చు, లోను ఉంది కాబట్టి బ్యాంకు అనుమతి కూడా. ఆయన దానంగా రాసిస్తే, మీరు చట్టం దృష్టిలో బంధువు కారు కనుక, ఆ వాటా విలువ మీ ఆదాయంలో కలిసి పన్ను పడుతుంది.

మొదటి రోజే ఇద్దరి పేర్లూ రాయించండి. మన రాష్ట్రంలో స్టాంపు 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం కలిపి సుమారు 6 లక్షలవుతుంది. రెండో పేరు చేరినంత మాత్రాన అది పెరగదు.

పేర్లు ఒక్కటే చాలవు. క్రయ దస్తావేజులో ఈ వాక్యం ఉండాలి: ‘షెడ్యూలు ఆస్తిలో కొనుగోలుదారులలో 1వ వారికి ఇంత శాతం, 2వ వారికి ఇంత శాతం అవిభక్త వాటా గలదు.’ అవిభక్త వాటా అంటే విడదీయని ఉమ్మడి వాటా. ఆ వాక్యం లేకపోతే 1882 ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ వర్తిస్తుంది. ఎవరు ఎంత పెట్టారో రుజువైతే ఆ నిష్పత్తిలో, రుజువు లేకపోతే చెరిసగం.

మీకు అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. ఆయన ఈఎంఐ బ్యాంకు స్టేట్‌మెంట్లో నెలనెలా కనబడుతుంది. మీరు పెట్టిన కిరాణా, కరెంటు, పనిమనిషి జీతం ఇంటి ధర కింద లెక్కకు రావు. 30, 50 అని లెక్క వేస్తే మీకు 37.5 శాతమే. ఖర్చులు మీరు మోస్తున్నందుకు సగం వాటా అనుకుంటే, దస్తావేజులోనే 50 అని రాయించండి, లేదా ఈఎంఐలో కొంత మీ ఖాతా నుంచే కట్టండి. 30 లక్షలు కూడా నేరుగా బిల్డరు ఖాతాకే పంపాలి. ఆయన ఖాతాకు పంపితే రేపు అది బహుమతి అనో అప్పు అనో వాదన లేస్తుంది.

ఇద్దరూ యజమానులైతే బ్యాంకు సాధారణంగా మిమ్మల్నీ లోనులో చేరుస్తుంది. అప్పుడు ఆయన కట్టకపోతే సగానికి, అంటే 25 లక్షలకే కాదు, మొత్తం 50 లక్షలకూ మీరు బాధ్యులు. ఒప్పుకునే ముందు దీన్ని ఆలోచించుకోండి.

విడిపోతే ఏమిటన్నది వేరే ఒప్పందంలో రాసుకోండి: ఫ్లాట్ విలువ నిర్ణయించేదెవరు, రెండోవారి వాటా కొనడానికి ఎన్ని రోజుల గడువు (90 రోజులు సబబు), కొనకపోతే అమ్మి ముందు లోను తీర్చి, తర్వాత మిగిలింది ఎలా పంచుకోవాలి. ఇవి లేకపోతే మిగిలేది భాగపరిష్కార దావా (వాటాలు విడదీయమని కోర్టులో వేసే కేసు), అది ఏళ్లు పడుతుంది. ఆ ఒప్పందంలో సహజీవనం ప్రస్తావన తేకండి, ఇద్దరు సహ యజమానులుగానే రాసుకోండి. బంధమే ప్రతిఫలం, అంటే కలిసి ఉంటున్నందుకే ఈ వాటా అని రాస్తే ఒప్పందం చెల్లదన్న వాదనకు తావిచ్చినట్టే. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌తో సమానం కాదు. వాటాలు మార్చే షరతు ఏదైనా ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కావాల్సిందే.

వీలునామాలు మర్చిపోవద్దు. మీరు హిందువులైతే, పెళ్లి కాని ఆయన వీలునామా రాయకుండా చనిపోతే ఆయన వాటా వాళ్లమ్మగారికి వెళ్తుంది, మీకు రాదు. మీ వాటా మీ అమ్మానాన్నలకు. వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు. ఆ సాక్షులు మీరిద్దరూ కాకుండా చూసుకోండి.