ట్రింకోమలీ పేజీ సరిదిద్దేటప్పుడు

హైదరాబాదు

తమ్ముడూ,

వికీపీడియాలో నీ ప్రయోగశాల (చిత్తుప్రతి పేజీ)లో పాత బ్రిటిష్ యుద్ధనౌక హెచ్ఎంఎస్ ట్రింకోమలీ మీద రాసుకున్న వ్యాసం చదివాను. తెలుగు బాగానే నడిచింది, తేడా అంతా అంకెల్లో వచ్చింది.

వ్యాసం పక్కనుండే సమాచారపెట్టెలో బరువు గడి చూడు. వెయ్యి చిల్లర టన్నులని వేశావు, ఆ పెట్టెను నింపే మూస (టెంప్లేటు) దాన్ని మెట్రిక్ టన్నుల్లోకి మార్చేసింది. అది అసలు బరువే కాదు. ఆ కాలంలో ఓడలకు రాసిన ‘బర్డెన్ టన్ను’ సరుకు ఎంత పడుతుందో అంచనా కట్టే కొలత. ఓడ అడుగున ఉండే దూలం (కీల్) పొడవును ఓడ వెడల్పుతోనూ, వెడల్పులో సగంతోనూ హెచ్చవేసి 94తో భాగించేవారు, కొలతలన్నీ అడుగుల్లో. అందుకే పాత పుస్తకాల్లో టన్నుల పక్కన 94 హారంగా భిన్నం కనిపిస్తుంది. ఆ భిన్నం కనబడితే బరువు గడి జోలికి పోకు, కిలోల్లోకి మార్చకు.

‘18 పౌండ్ల ఫిరంగులు’ అన్నావు. 18 పౌండ్లంటే ఎనిమిది కిలోల పైచిలుకు, చంకన పెట్టుకుని నడిచిపోవచ్చు! ఆ 18 ఇనుప గుండు బరువు. ఫిరంగి దాదాపు రెండు టన్నులుంటుంది. మొదటిసారి ‘18 పౌండ్ల గుండు పేల్చే ఫిరంగి’ అని విప్పి రాయి.

ఒక మూలంలో 38 ఫిరంగులు, ఇంకోదాంట్లో 46 ఉన్నాయని చర్చా పేజీలో తల పట్టుకున్నావు. రెండూ సరైనవే. ట్రింకోమలీ లాంటి లెడా తరగతి ఫ్రిగేట్‌కు (వేగంగా నడిచే మధ్యరకం యుద్ధనౌకకు) ఆ 18 పౌండ్ల గుండు ఫిరంగులు 28, కారొనేడ్లనే పొట్టి ఫిరంగులు 16, చిన్న ఫిరంగులు 2, వెరసి 46. 1817కు ముందు కారొనేడ్లను చాలావరకు రేటింగులో, అంటే ఓడకు అధికారికంగా రాసే ఫిరంగుల సంఖ్యలో, లెక్కించేవారు కాదు. ఈ ముక్క వ్యాసంలోనే పెట్టు, లేకపోతే రేపు ఇంకెవరో వచ్చి 46ను కొట్టేసి 38 చేస్తారు.

బొంబాయి భాగాన్ని రెండు వాక్యాల్లో తేల్చేశావు. తెలుగు పాఠకుడు వెతికేది అదే కదా! ట్రింకోమలీ నమూనా పటాలు బొంబాయికి తెస్తున్న హెచ్ఎంఎస్ జావా 1812 డిసెంబరు 29న అమెరికా నౌక కాన్‌స్టిట్యూషన్ చేతికి చిక్కింది. మళ్లీ పటాలు వచ్చి, ఓడలు కట్టే వాడియా కుటుంబం రేవులో జంషెట్‌జీ బొమన్‌జీ ఆధ్వర్యంలో టేకుతో కట్టి, 1817 అక్టోబరు 12న నీళ్లలోకి దించారు. టేకే ఎందుకో కూడా చెప్పు. ఓక్‌లోని ఆమ్లం ఇనుప మేకుల్ని తినేస్తుంది, టేకు ఆ పని చేయదు. రెండు వందల ఏళ్లు దాటినా ఓడ తేలుతున్నదంటే సగం కారణం ఆ చెక్కే అంటాను నేను.

‘నెల్సన్ నౌక’ అన్న వాక్యం తీసెయ్. బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ జెండా ఎగిరింది 1798 నాటి ఫుద్రోయాంట్ మీద. అది 1897లో బ్లాక్‌పూల్ ఒడ్డున బద్దలైతే, దాని యజమాని ట్రింకోమలీని కొని ఆ పేరే పెట్టాడు. పేరొకటే, ఓడలు రెండు.

‘ప్రపంచంలో అతి పాత యుద్ధనౌక’ కూడా నిలవదు. 1765 నాటి విక్టరీ ఉంది, కాకపోతే నీళ్లు తోడేసిన పొడి రేవులో (డ్రై డాక్). తేలుతున్నవాటిలోనూ 1797 నాటి కాన్‌స్టిట్యూషన్ దీనికంటే పాతది. ‘బ్రిటన్‌లో తేలుతున్నవాటిలో’ అంటే సరిపోతుంది.

ఇవన్నీ ఒకే దిద్దుబాటులో పడేయకు. టన్నులొకసారి, ఫిరంగులొకసారి, ప్రతిసారీ దిద్దుబాటు సారాంశంలో కారణం రాయి. బొమ్మ కింది వ్యాఖ్యలో ‘బొంబాయి’ అక్షరాలు తారుమారయ్యాయి, అది ముందు చూడు.

అన్నయ్య