స్కాట్లండ్ చూడబోయే మనవాళ్లకు

వేసవి దగ్గర పడగానే ఇంగ్లండ్‌లో కొత్తగా చేరిన మన పిల్లలు నన్ను తరచుగా అడిగే సందేహం ఒకటుంది. శుక్రవారం రాత్రి కారులో బయలుదేరి ఆదివారం రాత్రికి తిరిగి వచ్చేలోగా ఎడిన్‌బరా, లాక్ నెస్ సరస్సు, స్కై ద్వీపం మూడూ చూడవచ్చా అని. చేరుకోవచ్చు గాని చూడటం కుదరదని నా సమాధానం. ఎడిన్‌బరా నుంచి స్కైలోని పోర్ట్రీకి ఎక్కడా ఆగకుండా నడిపినా ఐదు గంటల పైనే పడుతుంది. అలా పరుగుపెట్టి వచ్చినవాళ్లకు ఫోటోలు మిగులుతాయి తప్ప, ఆ లోయల్లో ఎవరు బతికారో, ఇప్పుడు అవి ఎందుకంత ఖాళీగా ఉన్నాయో తెలియదు. అది తెలియకుండా స్కాట్లండ్ చూశామని అనుకోవద్దని నా మనవి.

ముందుగా చిన్న సందేహాలు. యూకే వీసా ఉన్నవారికి స్కాట్లండ్‌కు వేరే వీసా అక్కర్లేదు, సరిహద్దులో తనిఖీ ఏదీ ఉండదు. ఇక్కడి మూడు బ్యాంకులు సొంత నోట్లు అచ్చువేస్తాయి. అవీ పౌండ్లే అయినా ఇంగ్లండ్‌లో కొందరు దుకాణదారులు తీసుకోవడానికి తటపటాయిస్తారు కనుక ఇక్కడే ఖర్చుపెట్టేయండి. స్కాట్లండ్‌లోనే చదువుకుంటూ 22 ఏళ్లు నిండనివారు అందుకు ఇచ్చే కార్డు తీసుకుంటే బస్సు ప్రయాణం ఉచితం. ఈ సంగతి తెలియక నెలల తరబడి టిక్కెట్లు కొంటున్న విద్యార్థులు ఇప్పటికీ ఉన్నారు.

ప్రయాణాన్ని రెండు భాగాలుగా ఆలోచించుకోండి: నగరంలో రెండు రోజులు, ఆ తరువాత ఒకే ఒక్క చోట మూడు రాత్రులు. నగరంలో కోటకంటే ముందు ఎడిన్‌బరాలోని జాతీయ మ్యూజియానికి వెళ్లండి. ప్రవేశం ఉచితం, పైగా ఆ తరువాత మీరు చూడబోయే ప్రతి చోటికీ అక్కడే పునాది పడుతుంది. గ్లాస్గోలో 1901లో తెరిచిన కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం కూడా ఉచితమే. రెండో భాగానికి కారు లేకపోయినా ఏమీ కొరత ఉండదు. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌లో ఎక్కితే రైలు లోమండ్ సరస్సు ఒడ్డునే సాగి, ఇల్లూ వాకిలీ కనబడని రానక్ బీడుభూముల మీదుగా ఫోర్ట్ విలియం చేరి, అక్కడినుంచి 21 కమానుల గ్లెన్‌ఫినన్ వంతెన దాటి మాలేగ్ రేవుదాకా వెళుతుంది. హ్యారీ పాటర్ సినిమాలో చూసిన ఆవిరి రైలుకు టిక్కెట్టు దొరకలేదని చాలామంది దిగులుపడతారు గాని మామూలు రైలూ ఆ వంతెన మీదుగానే, చాలా తక్కువ ఖర్చుతో వెళుతుంది.

అసలు విషయానికి వస్తాను. ఇన్వర్నెస్ పక్కనున్న కలోడెన్ మైదానంలో 1746 ఏప్రిల్ 16న జరిగిన యుద్ధం గంటలోపే ముగిసింది. ప్రభుత్వ సైన్యం చేతిలో ఓడిన హైలాండ్ (ఉత్తరపు కొండసీమ) తెగలవాళ్లను అక్కడే గుంపులుగా పాతిపెట్టారు. గడ్డిలో ఉబ్బెత్తుగా కనిపించే ఆ దిబ్బల దగ్గర తెగల పేర్లు చెక్కిన రాళ్లున్నాయి. ఇప్పటికీ వాటి ముందు ఎవరో పూలు పెట్టి వెళుతుంటారు. దయచేసి ఆ రాళ్లమీద కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పకండి, వాటిని ఎక్కి ఫోటోలు దిగకండి. మన పెద్దల సమాధుల దగ్గర ఎలా నడుచుకుంటామో అక్కడా అలాగే నడుచుకోవాలి. ఆ యుద్ధం తరువాత హైలాండ్ దుస్తులు ధరించడాన్నే చట్టం నిషేధించింది, 1782 దాకా ఆ నిషేధం తొలగలేదు. ఈనాడు పెళ్లిళ్లలో మీరు చూసే కిల్ట్ (మగవాళ్లు మోకాళ్లదాకా కట్టే గళ్ల దుస్తు) వెనుక ఆ కథ ఉంది కనుకనే, దాన్ని వేషంగా భావించి లాగిచూడటం, దాని మీద వెకిలి ప్రశ్నలు వేయడం తగదు.

ఆ తరువాతి వందేళ్లలో భూస్వాములు గొర్రెల పెంపకంలో లాభం ఎక్కువని కౌలురైతులను ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించారు. ఉత్తరాన స్ట్రాత్‌నేవర్ లోయలో రోసాల్ అనే ఊరి ఆనవాళ్లు నేటికీ ఉన్నాయి. మోకాలెత్తు మించని రాతిగోడలు, వాటి మధ్య గదుల కొలతలు, ధాన్యం ఆరబెట్టుకున్న బట్టీల గుంతలు, చుట్టూ పచ్చిక. అక్కడ నిలబడితే తప్ప హైలాండ్స్ ప్రశాంతత అని మనం మెచ్చుకునేది చాలాచోట్ల మనుషులను తరిమేసిన తరువాత మిగిలిన నిశ్శబ్దమని అర్థం కాదు. మనం విమానం టిక్కెట్టు మనమే కొనుక్కుని పరాయి దేశం వచ్చినవాళ్లం. ఆ రైతుల్లో చాలామందికి కెనడా ఓడ ఎక్కడం తప్ప దారి లేకపోయింది. గ్లెన్‌కో లోయదీ విషాద కథే, కాకపోతే అంతకు ముందటిది. 1692 ఫిబ్రవరిలో, తమ ఇళ్లలోనే ఆతిథ్యం పొందుతున్న సైనికుల చేతుల్లో మెక్‌డోనల్డ్ తెగవాళ్లు అక్కడ తెల్లవారుజామున హతమయ్యారు.

ఇప్పుడు కొండల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. బెన్ నెవిస్ ఎత్తు 1345 మీటర్లు. మన తూర్పు కనుమల్లోని జిందగడ శిఖరం అంతకంటే ఎత్తయినది. అందుకే మనవాళ్లు దీన్ని తేలికగా తీసుకుంటారు. కాని ఇక్కడ నడక సముద్రమట్టం దగ్గరే మొదలవుతుంది, కింద ఎండ కాస్తున్నా పైన మంచు ఉండవచ్చు, గాలి ఒక్క గంటలో తిరగబడుతుంది. జీన్సు తడిస్తే ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. వాననీరు దిగని కోటు, మడమ పట్టే బూట్లు లేకుండా ఎక్కకండి. దారి తప్పితే 999కు ఫోన్ చేసి పోలీసులను, ఆ తరువాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. నీళ్లు ఇంకా ప్రమాదకరం. 2024లో ఇక్కడ ఒక జలపాతం దగ్గర మన తెలుగు విద్యార్థులు ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. మే నెలలో కూడా ఈ నదుల నీరు ఊపిరి బిగబట్టేంత చల్లగా ఉంటుంది, ఈత బాగా వచ్చినవాళ్ల కాళ్లుచేతులు కూడా నిమిషాల్లో పట్టు తప్పుతాయి. తడిసిన బండల మీదకు ఫోటో కోసం దిగవద్దని మీ స్నేహితులను చేయి పట్టుకుని ఆపండి.

2003 నాటి భూసంస్కరణ చట్టం వల్ల స్కాట్లండ్‌లో చాలావరకు ప్రైవేటు భూముల్లోనూ నడిచే హక్కు అందరికీ ఉంది. ఇంగ్లండ్‌లో ఇంత స్వేచ్ఛ లేదు. దానికి తగ్గ బాధ్యతా ఉంది: మీరు తెరిచిన గేటును మీరే తిరిగి మూయాలి, ఈనిన గొర్రెల జోలికి పోకూడదు, చెత్త వెంట తెచ్చుకోవాలి.

కారు నడిపేవారికి: మన భారతీయ లైసెన్సుతో ఈ దేశంలో స్థిరపడిన నాటినుంచి పన్నెండు నెలలు నడపవచ్చు. హైలాండ్స్‌లో చాలా రోడ్లు ఒక్క కారు పట్టేంతే ఉంటాయి, మధ్యమధ్యలో తప్పుకోవడానికి వెడల్పు చేసిన చోట్లుంటాయి. ఎదుటి బండిని చూడగానే ఎడమవైపు చోటు ఉంటే అందులోకి తిరగండి, కుడివైపు ఉంటే దాని ఎదురుగా ఆగండి, వెనుకనున్న స్థానికుడికి దారివ్వండి, దాటేవాడు చేయి ఎత్తితే మీరూ ఎత్తండి. ఆ చోట్లలో బండి నిలిపి ఫోటోలు తీసుకోవడం ఇక్కడివాళ్లకు అన్నిటికంటే కోపం తెప్పించే పని. అంబులెన్సు కూడా ఆ దారినే రావాలి.

అమ్మానాన్నలను తీసుకురావాలనుకుంటే మే నెల గాని, జూన్ మొదటి వారాలు గాని ఎంచుకోండి. రాత్రి పదింటికి కూడా వెలుగుంటుంది, మిడ్జ్ అనే చిన్న కుట్టుపురుగులు ఇంకా ముదరవు. జులై, ఆగస్టుల్లో గాలి ఆడని సాయంత్రం నీటి ఒడ్డున ఐదు నిమిషాలు నిలబడలేరు.

హ్యాగిస్ గురించి భయపడనవసరం లేదు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు ఓట్స్‌ ధాన్యంతో, మిరియాలతో కలిపి వండేది. బోటీ, కార్జం ఇష్టంగా తినే ఇంట్లో పుట్టినవారికి అది కొత్తేమీ కాదు. అయితే చాలాచోట్ల అందులో ఎద్దు కొవ్వు కలుపుతారు కనుక పట్టింపు ఉన్నవారు ముందే అడగాలి, శాకాహార హ్యాగిస్ కూడా దాదాపు అంతటా దొరుకుతుంది. కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజైన జనవరి 25న దాన్ని తినడం ఆనవాయితీ. ఎవరైనా కేలీ నృత్యానికి పిలిస్తే తప్పక వెళ్లండి. అడుగులు పైకి చెబుతూ నేర్పేవారు ఉంటారు, కొత్తవాళ్లను చేయి పట్టుకుని వరుసలో కలుపుకుంటారు.

రెండోసారి వచ్చే తీరిక దొరికితే లూయిస్ ద్వీపానికి వెళ్లండి. మన ఊళ్ల కైఫీయతులను, అంటే గ్రామ చరిత్రలను, రాయించి భద్రపరచిన కాలిన్ మెకంజీ 1754లో అక్కడి స్టోర్నోవేలో పుట్టాడు. అమరావతి స్తూపం మీద తొలిగా దృష్టి పెట్టిన యూరోపియనూ ఆయనే, 1815లో మొత్తం భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయినవాడూ ఆయనే. ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఆయనకు సహాయకులుగా లేకపోతే ఆ కైఫీయతుల సేకరణ జరిగేదే కాదు. తెలుగువాళ్లకు ఇంత దగ్గరి సంబంధమున్న ఊరు స్కాట్లండ్‌లో మరొకటి లేదని నేననుకుంటాను. ఉల్లాపూల్ రేవునుంచి ఓడ రెండున్నర గంటలు. కారుతో వెళ్లేవారు వేసవికి నెలల ముందే బుక్ చేసుకోవాలి, నడిచి ఎక్కేవారికి ఆ ఇబ్బంది తక్కువ. అక్కడ ఆదివారాన్ని ఇప్పటికీ నిష్ఠగా పాటిస్తారు, చాలా దుకాణాలు మూసి ఉంటాయి. తినడానికి కావలసినవి శనివారం సాయంత్రానికే కొని పెట్టుకోండి.