‘మ్యూట్ చేయగలరు’ అనాలా, ‘మ్యూట్ చేయండి’ అనాలా?

సందేహం: ఆన్‌లైన్ తరగతుల్లో మా ఉపాధ్యాయులు ‘దయచేసి అందరూ మైకులు మ్యూట్ చేయగలరు’ అని సందేశం పెడుతుంటారు. ‘చేయండి’ అంటే ఆజ్ఞాపించినట్టు ఉంటుందట. నిజమేనా?

సమాధానం: కాదు. తెలుగులో మర్యాద క్రియ చివర ఉన్న ‘అండి’లోనే ఉంది. ‘చేయి’ అన్నది ‘చేయండి’ కాగానే గౌరవం వచ్చేసింది. ‘గలరు’కు అసలు పని సామర్థ్యం చెప్పడం: ‘ఆమె ఈదగలరు’. ఆఫీసు ఉత్తరాల్లో ‘హాజరు కాగలరు’ అన్న వాడుక స్థిరపడింది, దాన్ని తప్పనలేం. పిల్లలకు మాత్రం అది తికమక. ‘5 గంటల్లోపు పంపగలరు’ అని చదివిన పిల్లవాడికి పంపి తీరాలా, వీలైతే పంపాలా తేలదు. ‘జవాబు పత్రం 5 గంటల్లోపు పంపండి. ఫొటోలో పేరు కనిపించాలి’ అంటే మర్యాదా ఉంది, స్పష్టతా ఉంది. ‘దయచేసి’ మొదట్లో ఒక్కసారి చాలు. వాక్యవాక్యానికీ తగిలిస్తే విసుగు ధ్వనిస్తుంది.

ప్రశ్నరూపం ఇంకా జాగ్రత్తగా వాడాలి. ‘కెమెరా ఆన్ చేస్తారా?’ అంటే కాదనే వీలు ఇచ్చినట్టే. ఆ వీలు లేనిచోట అలా అడగకూడదు. పైగా ‘మాట్లాడటం ఆపుతారా?’ అన్నప్పుడు అది అభ్యర్థన కాదు, మందలింపే.

‘మూడో లెక్క చేద్దాం’ చక్కని మాట, ఉపాధ్యాయుడు కూడా బోర్డు మీద చేస్తున్నప్పుడు. పిల్లలే చేయాల్సిన పనికి ‘చేద్దాం’ అంటే సగంమంది కలం పట్టరు, సారే చేస్తారని చూస్తూ కూర్చుంటారు. అక్కడ ‘మీరు చేయండి, పది నిమిషాల తర్వాత కలిసి చూద్దాం’ అనాలి.

‘కొంచెం’, ‘కాస్త’ మాటను మెత్తబరుస్తాయి గానీ కొలతగానూ వినిపిస్తాయి. ‘కొంచెం చదవండి’ అంటే ఎన్ని పంక్తులు? ‘ఒకసారి రెండో పేరా చదవండి’ అంటే ఆ ఇబ్బంది లేదు.

వద్దని చెప్పేటప్పుడు ‘మాట్లాడవద్దు’ కన్నా ‘మాట్లాడకండి’ నయం. ‘వద్దు’ ఒకరికైనా పదిమందికైనా ఒకటే రూపం, అందులో గౌరవసూచన లేదు. ‘మైక్ ఆపి ఉంచండి’ అని చేయాల్సిన పనే చెబితే మరీ మంచిది.

చిన్నపిల్లల్లో ఒక్కరినే పిలిచినప్పుడు ‘చదువమ్మా’, ‘చదువు నాన్నా’ అంటే చాలు. కళాశాల విద్యార్థులైతే ఒక్కరితోనైనా ‘చదవండి’ అనడమే పద్ధతి. ‘నువ్వు చదవండి’ అని రెంటినీ కలిపితే మాత్రం వ్యాకరణమే ఒప్పుకోదు.