మీ సెనేటర్ గారు నిలబడాలా వద్దా

నాషువా, న్యూ హ్యాంప్‌షైర్

అమ్మలూ,

నువ్వు పనిచేసే సెనేటర్ గారు ప్రెసిడెంట్ పదవికి నిలబడాలా వద్దా అని నువ్వు ఫోన్‌లో అడిగినప్పుడు మీ అత్తయ్య పక్కనే ఉంది, అందుకే పొడిపొడిగా మాట్లాడాను. నాలుగేళ్లకోసారి ఇంటి ముందు గడ్డిలో ఎన్నికల ప్రచార బోర్డులు పాతనిస్తానని ఆవిడకు నా మీద కోపం. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

మీ సెనేటర్ గారు సొంత పార్టీకే ఎదురు ఓటేసే మనిషని పేరు. టీవీ వాళ్లకు ముద్దు, ఏ పార్టీకీ చెందని ఓటర్లకు ఇష్టం. కాబట్టి రిపబ్లికన్ల తరఫున ప్రెసిడెంట్ పదవికి పోటీ పడాలని మీ ఆఫీసులో అంతా ఊగిపోతున్నారు. సరే, ఆ నామినేషన్ ఇచ్చేది ఎవరు? మన దగ్గరైతే అధిష్ఠానాన్ని పట్టుకుని బీ ఫారం తెచ్చుకుంటే అయిపోతుంది. ఇక్కడ ఒక్కో రాష్ట్రంలో పార్టీ ఓటర్లే అధిష్ఠానం. ఆయన ఇన్నేళ్లుగా చిరాకు పెట్టింది సరిగ్గా వాళ్లనే.

మా రాష్ట్రాన్ని చూసి మోసపోవద్దు. ఇక్కడ నాలా ఏ పార్టీలోనూ నమోదు కానివాళ్లు ప్రైమరీ రోజు, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్ రోజు, ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు. ఓటేసి బయటికొస్తూ అక్కడే టేబుల్ దగ్గర ఒక సంతకం పెడితే మళ్లీ ఏ పార్టీకీ చెందనివాళ్లం అయిపోతాం. 2000లో రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్‌ను గెలిపించింది మాలాంటివాళ్లే. అందరికంటే ముందు పోటీ జరిగే అయోవా రాష్ట్రాన్ని వదిలేసి ఇక్కడే మకాం వేశాడు. వందకు పైగా టౌన్‌హాల్ మీటింగులు పెట్టాడు, ఉపన్యాసం తక్కువ, ప్రశ్నలకు జవాబులు ఎక్కువ. ఫిబ్రవరి 1న ప్రత్యర్థి జార్జ్ బుష్ మీద 18 శాతం తేడాతో గెలిచాడు. ఆ రాత్రి ఇక ఆయనకు తిరుగులేదని మేమంతా అనుకున్నాం.

19వ తేదీన సౌత్ కరోలినాలో ఓడిపోయాడు. మిషిగన్‌లో గెలిచాడు గానీ, ఆ గెలుపు చూశావా, రిపబ్లికన్లలో ఎక్కువమంది బుష్‌కే వేశారు. బయటివాళ్లు వచ్చి గట్టెక్కించారు. మార్చి 7న కాలిఫోర్నియాలో ఆ లెక్క పూర్తిగా తేలిపోయింది. ఎవరైనా ఓటేయొచ్చు, కానీ పార్టీ సభలో అభ్యర్థిని ఖాయం చేసే డెలిగేట్ల కోసం లెక్కపెట్టింది రిపబ్లికన్లుగా నమోదైనవాళ్ల ఓట్లనే. రెండు రోజుల తర్వాత మెకెయిన్ ప్రచారం ఆపేశాడు. అంతకుముందు వర్జీనియాలో నిలబడి పాట్ రాబర్ట్‌సన్, జెర్రీ ఫాల్వెల్ అనే మత నాయకులను అసహనానికి ఏజెంట్లని తిట్టి, మిగిలిన కాస్త సఖ్యతా చెడగొట్టుకున్నాడు.

అదే మనిషి 2004లో బుష్ కోసం ఊరూరా తిరిగాడు. 2006లో అదే ఫాల్వెల్ యూనివర్సిటీకి వెళ్లి పట్టాల పండుగలో మాట్లాడాడు. తనను ఓడించిన సౌత్ కరోలినాలోనే 2008లో గెలిచాడు. అక్కడ కుడివైపు ఓట్లు తోటి పోటీదార్లు హకబీకీ థాంప్సన్‌కీ చీలడం కూడా కలిసొచ్చిందిలే. నామినేషన్ వచ్చింది, నవంబర్‌లో ఒబామా చేతిలో ఓడిపోయాడు. ఫాల్వెల్ దగ్గరికి వెళ్లినందుకు ఇక్కడ మా స్నేహితుల్లో కొందరు ఆయన్ను క్షమించలేదు. నాకైతే అందులో తప్పేమీ కనపడలేదు, పార్టీ టికెట్ కావాలన్నప్పుడు పార్టీ జనం గడప తొక్కాల్సిందే. ఆ పని మీ సెనేటర్ గారికి ఇష్టమేనా? మొహమాటపడకుండా అడుగు. "నేను మారను, వాళ్లే మారాలి" అంటే వద్దని చెప్పు.

పదవి కోసం కాదు, ఒక విషయం కోసం నిలబడతానంటే అది వేరే సంగతి. 1968లో యూజీన్ మెకార్తీ అనే డెమొక్రాట్ సెనేటర్ వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా సొంత పార్టీ ప్రెసిడెంట్ జాన్సన్ మీదే పోటీకి దిగాడు. ఇదే రాష్ట్రంలో జాన్సన్‌కు 49 శాతం, ఆయనకు 42. ఓడిపోయాడు, అయినా ఆ నెలాఖరుకు జాన్సన్ రేసు నుంచి తప్పుకున్నాడు. నామినేషన్ మాత్రం ప్రైమరీల్లో అడుగే పెట్టని వైస్ ప్రెసిడెంట్ హంఫ్రీకి దక్కింది. మీవాళ్లు ఏ పోటీకి దిగుతున్నారో ముందే తేల్చుకోండి. రెండూ ఒకేసారి అంటే స్టాఫ్ నలిగిపోతారు, అందులో నువ్వూ ఒకదానివి.

సెనేట్ సీటు సంగతి కూడా చూడు. ఆ ఏడాదే ఆయన సీటుకీ ఎన్నిక ఉంటే, రెండు పదవులకూ ఒకే బ్యాలెట్ మీద పేరు ఉండొచ్చో లేదో మీ రాష్ట్ర చట్టం ఏం చెబుతోంది? కెంటకీలో కుదరదు. అందుకే 2016లో అక్కడి సెనేటర్ ర్యాండ్ పాల్ పార్టీని ఒప్పించి ప్రైమరీకి బదులు కాకస్, అంటే పార్టీయే నడుపుకునే ఓటింగ్, పెట్టించుకున్నాడు. తీరా ఆ కాకస్ రోజు వచ్చేసరికే ఆయన రేసులో లేడు.

ఇంకొకటి. నిర్ణయం కాకముందు ఏ మైకు ముందూ "పోటీ చేస్తున్నా" అని నోరు జారనివ్వొద్దు. నాడి చూసుకోవడానికి ఎన్నికల కమిషన్ కొంత వెసులుబాటు ఇస్తుంది. ఆ మాట అనేసి, 5,000 డాలర్లు దాటి వసూలు చేసినా ఖర్చు పెట్టినా అభ్యర్థి కిందే లెక్క, పదిహేను రోజుల్లో కాగితాలు వేయాలి.

నా మాట ఇది: ఈ ఆరు నెలలూ ఆయన్ను ఇక్కడికి తీసుకురావద్దు. ఇక్కడ చప్పట్లు ఎలాగూ పడతాయి. సౌత్ కరోలినాలో కౌంటీ పార్టీల విందులకు తీసుకెళ్లు. వెనక బల్ల దగ్గర కూర్చుని, తనకు ఎప్పుడూ ఓటేయనివాళ్లతో రెండు గంటలు గడపమను. అలా నాలుగైదు విందులు అయ్యాక కూడా ఆయనకు ఉత్సాహం మిగిలి ఉంటే నాకు ఫోన్ చెయ్యి. నాషువాలో హాలు, కుర్చీలు నేను చూసుకుంటా. అత్తయ్యతో మాత్రం నువ్వే మాట్లాడుకోవాలి.

మీ మావయ్య