'హైతీ లాంటి దేశాలు' అని రాయకు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. 'కల్లోల దేశాలను ధనిక దేశాలు ఆదుకోవాలా?' అని మొదలుపెట్టి, ఆరు పేజీల తర్వాత 'ఆదుకోవాలి, కానీ జాగ్రత్తగా' అని ముగించావు. మధ్యలో ఒక్క ఊరి పేరు లేదు, ఒక్క లెక్క లేదు. 'హైతీ లాంటి దేశాలు' అని రెండు చోట్ల రాశావు. ఆ 'లాంటి' కొట్టేసి, కరీబియన్ సముద్రంలోని ఆ చిన్న దేశం హైతీ గురించే రాయి.

మురుగు దగ్గర మొదలుపెట్టు. 2010 అక్టోబరు. మిర్‌బలే పట్టణం దగ్గర, మేయ్ అనే వాగు ఒడ్డున ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరం. అందులో నేపాల్ సైనికులు. నేపాల్‌లో కలరా ఉంది. హైతీలో అప్పటికి కనీసం నూరేళ్లుగా దాని జాడ లేదు. శిబిరం మురుగు వాగులోకి, వాగు ఆర్తిబోనిత్ నదిలోకి చేరింది. ఆ నది నీళ్లే దిగువన వరి మళ్లకు, స్నానాలకు, తాగడానికి. ఎనిమిది లక్షల మందికి జబ్బు చేసింది. పదివేల మంది దాకా పోయారు. 2011లో సమితి నియమించిన నిపుణులే చెప్పిన జాగ్రత్తలు ఎంత చిన్నవో చూడు: కలరా ఉన్న చోటు నుంచి వచ్చేవాళ్లకు బయల్దేరే ముందు పరీక్ష చేయడమో యాంటీబయాటిక్ ఇవ్వడమో, మురుగును శిబిరంలోనే శుద్ధి చేయడం. బాధితులు అమెరికా కోర్టుకు వెళ్తే సమితికి చట్టపరమైన రక్షణ ఉందని కేసు కొట్టేశారు. ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ క్షమాపణ 2016 డిసెంబరులో వచ్చింది. అప్పుడు 40 కోట్ల డాలర్ల పథకం ప్రకటించారు. సభ్యదేశాలు ఇచ్చింది అందులో కొంచెమే.

జోక్యం మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పేముందు ఈ ఒక్కటి తేల్చు: తప్పు జరిగితే ఆ ఊరివాడు ఎవరి మీద, ఏ కోర్టులో కేసు వేయాలి? ఆ చోటు చూపించలేని సేనను పంపకూడదనే నా అభిప్రాయం. నువ్వు ఒప్పుకోకపోతే కారణం రాయి, దాటెయ్యకు.

డబ్బు సంగతికి వస్తే, 'సాయం' అన్న మాటను ఎప్పుడూ ఒంటరిగా వాడకు. ప్రకటించింది ఎంత, విడుదలైంది ఎంత, ఎవరి చేతిలో పడింది, చివరికి ఏం కట్టారు, ఈ నాలుగూ వేరువేరు అంకెలు. పత్రికల్లో కనిపించేది మొదటిదే. 2010 భూకంపం తర్వాత అమెరికా సహాయ సంస్థ 15,000 ఇళ్లు అనుకుంది. తర్వాత ఆ లెక్క 2,649కి దిగింది, ఖర్చు మాత్రం పెరిగింది. దొంగతనం అని తేలిగ్గా రాసేస్తావేమో, ఆగు. మొదటి అంచనా తప్పింది, ఇళ్ల కొలతలూ మరుగుదొడ్ల నమూనా మారాయి, భూమి హక్కులు తేలడానికి నెలలు పట్టింది. పాఠకుడికి ఉపయోగపడేవి ఈ కారణాలే.

బియ్యం గురించి ఒక పేరా తప్పకుండా ఉండాలి. 1980ల మొదట్లో హైతీ తన బియ్యం దాదాపు తనే పండించుకునేది. 1995లో దిగుమతి సుంకం 3 శాతానికి పడిపోయింది. సబ్సిడీతో పండిన అమెరికా బియ్యం ఓడలకెక్కి వచ్చింది. ఆ విధానం తన సొంత రాష్ట్రం అర్కాన్సాస్ రైతులకు మేలు చేసి ఉండవచ్చు గాని అది పొరపాటని, అప్పట్లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లింటన్ 2010 మార్చిలో సెనెట్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. కోతలప్పుడు చవక బియ్యం దిగితే ఏమవుతుందో మన గోదావరి రైతుకు వివరించక్కర్లేదు. అందుకే ఆహార సాయం గురించి రాసేటప్పుడు నెల రాయి, ఎక్కడ కొన్నారో రాయి.

ఇక, 'పేద దేశానికి ధనిక దేశం ఇస్తోంది' అన్న నీ వాక్యం. హైతీ ఒకప్పుడు ఫ్రాన్స్ వలస. 1804లో అక్కడి బానిసలు తిరగబడి గెలుచుకున్న స్వేచ్ఛకు 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు అడిగింది. 1838లో మొత్తం 9 కోట్లకు తగ్గించింది. అది కట్టడానికి చేసిన అప్పుల చివరి వాయిదాలు 1947 దాకా నడిచాయి. ఇది తెలిశాక 'ఇస్తోంది' అని రాయడానికి నాకు చెయ్యి రాదు. బాకీ తీర్చాలి అని రాస్తాను. డబ్బు ఇవ్వాలా అంటే ఇవ్వాలి. మంచినీటి గొట్టాలకూ మురుగు శుద్ధికీ, అక్కడి మునిసిపాలిటీల చేతుల మీదుగా, పైసాపైసా బయటపెట్టే షరతుతో.

చివరి భాగంలో కెన్యా పోలీసులను వదిలేశావు. హైతీలో సాయుధ ముఠాలను అణచడానికి వాళ్లను పంపేందుకు 2023 అక్టోబరులో సమితి భద్రతా మండలి అనుమతించింది, 2024 జూన్‌లో వాళ్లు దిగారు. 2,500 మంది అనుకున్న దళం వెయ్యి దగ్గర్లోనే ఆగిపోయింది, ఎందుకంటే దాని ఖర్చు దేశాల ఇష్టపూర్వక విరాళాల మీద నడిచింది. మరోపక్క, ముఠాల చేతుల్లోని తుపాకులు చాలావరకు అమెరికా నుంచి, ముఖ్యంగా ఫ్లోరిడా నుంచి దొంగదారిన వస్తున్నాయని సమితి నివేదికలే చెబుతున్నాయి. ఫ్లోరిడా రేవుల్లో కంటెయినర్లు తెరిచి చూడటానికి హైతీలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ పేరా నిడివి పెంచు.

తిరగరాసేటప్పుడు ఆర్తిబోనిత్ మ్యాపు పక్కన పెట్టుకో. మూడు పేజీలు చాలు. పండక్కి ముందే పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య